రాగికోట తలుపు

తిల్‌మన్ చేతికి కోట తాళం వచ్చింది తెలివి వల్లా కాదు, నమ్మకం వల్లా కాదు, పొడుగు వల్ల. కోట కట్టిన వడ్రంగి ఏ ధ్యాసలో ఉన్నాడో గాని, పెద్ద తలుపు అడ్డగడియని మనిషి తలకి మూరెడు ఎత్తున బిగించి చక్కా పోయాడు. పీట ఎక్కకుండా దాన్ని లేపగలిగినవాడు పనివాళ్లందరిలో తిల్‌మన్ ఒక్కడే. "వడ్రంగిని మళ్లీ పిలిచే కన్నా వీణ్ణి ఇక్కడ నిలబెట్టడమే చవక" అన్నాడు జెరెమియాస్ దొర. అలా మొదలైన కొలువు తిల్‌మన్ కాళ్లు పడిపోయేదాకా సాగింది.

దొరా, పనివాళ్లూ అందరూ ఆఖెన్ నగరం నుంచి వచ్చినవాళ్లే. అక్కడ ఇత్తడి పోసేవాళ్లలో చాలామంది క్రైస్తవుల్లోనే చీలిన కొత్త మతంలో కలిశారు. నగరం మళ్లీ పాత మతం వాళ్ల చేతికి చిక్కేసరికి వీళ్లకి ముందు వృత్తి సంఘంలో చోటు పోయింది, తరవాత బొగ్గు అమ్మేవాడు మొహం చాటేశాడు, చివరికి ఊళ్లో ఉండనిచ్చే దిక్కే లేకపోయింది. మూటాముల్లే సర్దుకుని ష్టోల్‌బెర్గ్ లోయలోకి దిగారు. లోయలో సుత్తులు ఆడించడానికి వీఖ్ట్ ఏరుంది, బొగ్గుకి అడవి ఉంది, కొండ తవ్వితే రాగిని ఇత్తడి చేసే గల్మై రాయి ఉంది. ఇంకేం కావాలి?

గోడ కావాలి అన్నాడు దొర. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్నవాడు రెండోసారి ఇల్లు కట్టడు, కోటే కడతాడు. నాలుగు వైపులా రాతిగోడ, మూల బురుజు, బురుజుకి తుపాకి దూరే కంతలు, చుట్టూ ఏటినీళ్లు మళ్లించిన కందకం. లోపల దొర మేడ, మేడని ఆనుకుని కొలిమిశాల, దాని పక్కన సుత్తుల కొట్టం, ఆ పక్కన పనివాళ్ల ఇళ్లు. దొరగారి భోజనాల బల్ల మీద పళ్లేలు సుత్తి దెబ్బకి గలగలలాడుతూనే ఉండేవి. లోపలికి వచ్చినా బయటికి పోయినా ఒకటే తలుపు.

చేసేది ఇత్తడి, పేరు మాత్రం రాగికోట. ఎందుకంటే ఇత్తడిని వేరే లోహంగా ఎవరూ అనుకోలేదు, రాగికి పసుపు పూసినట్టే లెక్క. గల్మై రాయిని కాల్చి, పొడిచేసి, బొగ్గుపొడితో కలిపి, రాగిముక్కలతో పాటు మూసల్లో కూరి, కొలిమి గుంటలో దించేవాళ్లు. ఒక పూట మండాక తీస్తే రాగి పసుపు తిరిగి ఉండేది. పైగా పెట్టినదానికన్నా ఎక్కువ తూగేది. దేవుడి దయ అనేవాళ్లు లోపలివాళ్లు. దెయ్యం పని అనేవాళ్లు పాత మతం వాళ్లు. వంటకి బిందెలు మాత్రం రెండు మతాలవాళ్లూ ఇక్కడే కొనుక్కునేవాళ్లు.

కోటకి ప్రాణం కొలిమిలో లేదు, రాళ్లలో ఉంది. రెండే రెండు రాళ్లు, ఒక్కొక్కటి మంచమంత. బ్రిటనీ సముద్రపు ఒడ్డున కొట్టి, ఓడలో వేసి, ఎడ్లబండ్ల మీద ఈడ్చుకొచ్చిన రాళ్లవి. ఆ పోలిక రాయి మరెక్కడా దొరకదు. వాటి లోపలి మొహాలకి మెత్తటి మట్టీ ఆవుపేడా కలిపి అలుకుతారు, ఆరబెడతారు. ఒకదాని మీద ఒకటి మూసి, మధ్యన వేలి మందం సందు వదిలి, ఆ సందులోకి కరిగిన ఇత్తడి పోస్తారు. రాయి లేపితే రేకు. ఆ రేకుని సుత్తులు సాగదీస్తే బిందెలు, పళ్లేలు, చెంబులు. రాయి పగిలితే ఏమీ లేదు. కొత్త రాయి వచ్చేదాకా కొలిమి చల్లారిపోతుంది, దాని చుట్టూ ఉన్న పొయ్యిలన్నీ చల్లారిపోతాయి. దారులన్నీ సైన్యాలతో మూసుకుపోయిన రోజులవి, కొత్త రాయి ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో.

అందుకని ఒక కట్టుబాటు. రాళ్లు మూసి ఉన్నంతసేపూ కోట తలుపు మూసి ఉండాలి. బయటివాడి చూపు పడితే రాయి పగులుతుంది. ఆఖెన్‌లో ఒక బిచ్చగాడు తలుపు సందులోంచి తొంగిచూశాడట, రాయి రెండు ముక్కలైందట. చూసినవాళ్లు ఎవరని అడిగితే ఒక్కరూ లేరు, అందరి తాతలూ చూశారు. పోత మేస్త్రీ నెల్లెస్ లోపలినుంచి "రాళ్లు మూశాం!" అని కేక పెట్టేవాడు. తిల్‌మన్ అడ్డగడియ దించి, తాళం తిప్పి, "తలుపూ మూశాం!" అని బదులు కేక పెట్టేవాడు. మళ్లీ "రాళ్లు లేచాయి" అనేదాకా ఎంతటివాడు వచ్చినా బయటే. లోపల కొలువున్నవాడైనా సరే, రాళ్లు మూసేవేళకి బయట ఉంటే పరాయివాడే.

ఎంతటివాడైనా అంటే ఊరికే అనలేదు. ఒకసారి జెరెమియాస్ దొరే సంతనుంచి వస్తూ ఆలస్యమయ్యాడు. జోరున వాన. కాలి బొటనవేలికి వాతపు నొప్పి.

"తిల్‌మన్, తీయరా. నేనే."

"రాళ్లు మూశారు దొరగారూ."

"ఒరే, ఆ రాళ్లు నావిరా!"

"అవును దొరగారూ. అందుకే తీయడం లేదు."

దొర తడిసి ముద్దయ్యాడు. తలుపు తీశాక అందరూ తిల్‌మన్ పని అయిపోయిందనుకున్నారు. దొర మాత్రం అతని భుజం మీద చెయ్యేసి, "నువ్వున్నావు కాబట్టి నాకు నిద్ర పడుతోంది" అని, బీరు పీపా తెరిపించాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు దొర రమ్మన్నా తిల్‌మన్ రానివ్వడని ఊరంతా నవ్వుకుంది. తిల్‌మన్ నవ్వలేదు. జీవితంలో మొదటిసారి తన పొడుగు కాక మరొకటేదో తనలో ఉందనిపించింది అతనికి.

అతని పెళ్లాం ఫీగెన్. రాళ్లకి అలికే పని ఆమెది. కొండమీది ఊళ్లో పుట్టిల్లు, అక్కడి ఆవుల పేడే తెచ్చేది. "నా చేతివాసన దొరగారి కూతురి పెళ్లి పళ్లెంలో కూడా ఉంది" అని ఎకసెక్కాలాడేది. ఇద్దరు కూతుళ్లు. పెద్దది మెట్టెల్, ఎనిమిదేళ్ల పిల్ల. చిన్నది నీస్, ఇంకా నాలుగు నిండలేదు.

ఆ ఏడు పాత మతం వాళ్ల స్పెయిన్ సైన్యం జూలిష్ కోటని ముట్టడించి కూర్చుంది. కూర్చున్నవాళ్లకి తిండి కావాలి కదా. గుర్రాలవాళ్లు పల్లెల మీద పడి ఆవుల్నీ ధాన్యాన్నీ ఎత్తుకుపోతున్నారు, అడ్డొచ్చిన ఆడదాన్ని వదలడం లేదు. పేడ దొరకడమే గగనమైంది. చలికాలం మొదట్లో ఒకరోజు, మర్నాటి పోతకి పేడ కోసం ఫీగెన్ తట్ట పట్టుకుని కొండెక్కింది. మధ్యాహ్నం నెల్లెస్ కేక వినిపించింది. తిల్‌మన్ గడియ దించాడు, తాళం తిప్పాడు, బదులు కేక పెట్టాడు.

కాసేపటికి బయట చెక్కల వంతెన మీద పరుగు చప్పుడు.

"తిల్‌మన్! నేనే! గుర్రాలవాళ్లు వస్తున్నారు!"

అతని చెయ్యి గడియ మీదికి పోయింది. పోయింది గాని అక్కడే ఆగిపోయింది. కొలిమిశాలలో పెద్ద మూస అప్పుడే పటకార్లకి ఎక్కింది, ఆ ఎర్రటి వెలుగు వాకిలి దాకా పడుతోంది.

మెట్టెల్ పరిగెత్తుకొచ్చి తండ్రి మొలలో తాళంచెవి పట్టుకుని వేలాడింది. "నాన్నా, అమ్మ!"

"వింటున్నానే తల్లీ."

"తీయి నాన్నా!"

"రాళ్లు మూసున్నాయి. కాసేపు. ఒక్క కాసేపు."

తలుపు అవతల ఫీగెన్ ఊపిరి ఎగపీల్చడం వినిపిస్తోంది. "మూశారా?" అంది.

"మూశారు."

"ఎంతసేపైంది?"

"ఇప్పుడే పోస్తున్నారు."

వంతెన చెక్కలు కిర్రుమన్నాయి. తరవాత, "సరే. చక్రం కిందికి పోతాను. దాన్ని ఏడవొద్దను" అంది. మళ్లీ పరుగు చప్పుడు.

సుత్తుల్ని తిప్పే నీటిచక్రం కింద, కాలవలో, మెడ దాకా మునిగి నిలబడింది ఫీగెన్. గుర్రాలవాళ్లు వంతెన దాకా వచ్చి, బురుజు మీద తుపాకులు చూసి, తిట్లు తిట్టి వెళ్లిపోయారు. రాళ్లు లేచి తలుపు తీసేసరికి పొద్దు వాలింది. తిల్‌మన్ ఆమెని కాలవలోంచి ఎత్తుకొచ్చాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, చేతిలో ఖాళీ తట్ట ఇంకా అలాగే ఉంది. జ్వరం పట్టుకుంది, మరి దిగలేదు. పోయేముందు ఒకసారి తెలివొచ్చి, "రేకు ఎలా వచ్చింది?" అని అడిగింది.

"బంగారంలా వచ్చింది."

"రాయి?"

"చెక్కు చెదరలేదు."

"మరింకేం" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె కూడా ఆ కోట మనిషే కదా.

కోటంతా తిల్‌మన్‌ని పొగిడింది. అతని వల్లే కొలిమి బతికిందన్నారు. ప్రార్థనలో ముందు వరసలో చోటిచ్చారు. దొర అతని ఎదట టోపీ తీశాడు. రాత్రి పక్క మీద చెయ్యి చాపితే తగిలే మనిషి లేదు గాని, పగలు ఎటు చూసినా మర్యాదే. తలుపు తీసి ఉంటే రాయి పగిలేది, పగిలితే ఇన్ని ఇళ్లు ఆకలితో మాడేవి, ఒక్క ప్రాణం పోయి ఇన్ని ప్రాణాలు నిలిచాయి. ఈ మాట తిల్‌మన్ తనకి తాను జోలపాటలా పాడుకున్నాడు. తలుపు మూసి పోసిన రేకు బాగా వచ్చిన ప్రతిసారీ, "చూశావా" అనుకునేవాడు. ఎవరితో అనేవాడో మరి.

మెట్టెల్ తండ్రి మొహం చూడటం మానేసింది. అన్నం పెట్టేది, బట్టలుతికేది, చెల్లెల్ని పెంచింది, కళ్లెత్తి మాత్రం చూడలేదు. పెళ్లీడు రాగానే కొండమీద బొగ్గులు కాల్చేవాణ్ణి చేసుకుంది. వాడు పాత మతం వాడు. తిల్‌మన్ గింజుకున్నాడు.

"మన మతం వాడు ఒక్కడూ దొరకలేదటే నీకు?"

"దొరికారు. అందరూ గోడ లోపలే ఉంటారు" అంది మెట్టెల్.

ఆ తరవాత ఆమె కోట గడప తొక్కలేదు. చెల్లెల్ని చూడాలనిపిస్తే వంతెన దాకా వచ్చి నిలబడేది. నీస్ బయటికి వెళ్లేది. అక్కాచెల్లెళ్లు కందకం గట్టున కూర్చుని రొట్టె తుంచుకు తింటూ నవ్వుకుంటుంటే, తిల్‌మన్ తలుపు దగ్గర నిలబడి వాళ్ల వీపులు చూసేవాడు.

ఏళ్లు గడిచాయి. జెరెమియాస్ దొర పోయాడు, కొడుకు దొర అయ్యాడు. తిల్‌మన్ మోకాళ్లు పట్టేశాయి. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అనే వయసు. ముందు కర్ర, తరవాత కుర్చీ. తాళంచెవి నీస్ చేతికి వచ్చింది. నీస్‌కి తల్లి నోరొచ్చింది గాని తండ్రి పొడుగు రాలేదు. గడియ దగ్గర పీట వేసుకుంది. "నాన్నా, ఆ వడ్రంగి గనక బతికుంటే వాడి గడ్డం పట్టుకుని ఈ గడియకే వేలాడదీద్దును" అనేది పీట ఎక్కినప్పుడల్లా. తిల్‌మన్ ఆ పక్కనే కుర్చీలో కూర్చుని, ఆమె సరిగ్గా తిప్పిందో లేదో చూసేవాడు. కొలువు పోయినా కాపలా పోలేదు.

ఈసారి వచ్చింది హెస్సే సైన్యం. కొత్త మతం వాళ్లే. "మనవాళ్లే వచ్చార్రా" అని లోపల కొందరు సంబరపడ్డారు. ఆకలేసిన గుర్రానికి మతం ఏముంది? పల్లెలు మళ్లీ తగలబడ్డాయి. జనవరి మంచులో, రాళ్లు మూసిన పూట, కొండమీది ఊరి వైపునుంచి నల్లటి పొగ లేచింది. నీస్ గడియ దించి, తాళం తిప్పి, బదులు కేక పెట్టి అప్పటికి ఎంతోసేపు కాలేదు.

వంతెన మీద పరుగు చప్పుడు. ఒక పిల్ల ఏడుపు.

"నీస్! తలుపు తీయవే నీస్!"

మెట్టెల్ గొంతు. నాన్నా అని పిలవలేదు. ఆమెకి తెలుసు ఆ కుర్చీలో ఎవరున్నారో.

నీస్ పీట లాగింది. తిల్‌మన్ వంగి ఆమె పావడా కుచ్చిళ్లు గుప్పిట పట్టేశాడు.

"వద్దు. రాళ్లు మూసున్నాయి."

"నాన్నా, అది అక్క. పిల్లలున్నారు వెంట."

"కాలవలోకి పొమ్మను. చక్రం కిందికి."

"జనవరి నాన్నా! పసిపిల్లతోనా?"

కొలిమిశాల గుమ్మంలో నెల్లెస్ కనిపించాడు. ముసలివాడైనా గొంతు తగ్గలేదు. "ఎవత్తె అది పీట ఎక్కుతోంది! మూస పైకెత్తామే! మా అందరి నోట్లో మట్టి కొడతావా?"

"కొడితే నా నోట్లోనూ పడుతుందిలే మావా" అంది నీస్. తండ్రి చేతిని విడిపించబోయింది. అది వదల్లేదు.

"మీ అమ్మకి తీయలేదే నేను" అన్నాడు తిల్‌మన్. ఇన్నేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

నీస్ కిందికి చూసింది. "తెలుసు నాన్నా. అందుకే వదులు."

చెయ్యి తనంతట తను వదిలిందో, పట్టు లేక జారిందో తిల్‌మన్‌కే తెలియదు. తాళం తిరిగింది, గడియ లేచింది. తలుపు మనిషి పట్టేంత తెరుచుకుంది. మంచూ పొగవాసనా ముందు వచ్చాయి, వాటి వెనక మెట్టెల్ వచ్చింది, చంకన ఒక పిల్ల, పావడా పట్టుకుని ఇంకో పిల్ల. తలుపు మళ్లీ పడింది. అవతల దూరంగా గుర్రాల చప్పుడు వచ్చి, కందకం దగ్గర తిరిగి, పోయింది.

లోపల మూస అప్పటికే వంగింది. పోత ఆపడానికి వీల్లేదు. ఇత్తడి రాళ్ల మధ్యకి దిగిపోయింది. ఇక చల్లారి రాయి లేపేదాకా తెలిసే దారి లేదు.  పనివాళ్ల ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. అందరూ మెట్టెల్‌ని చూస్తున్నారు, ఆ పిల్లల చూపుల్ని చూస్తున్నారు. "రాయి పగిలితే నీ కూతుళ్లని తిని బతకమంటావా తిల్‌మన్?" అంది ఒకావిడ, ఏడుపు గొంతుతో. నీస్ మొహం పాలిపోయింది. రాయి పగిలితే తనని గోడ బయటికి గెంటుతారు, అందులో అనుమానం లేదు. అయినా అక్క భుజం మీంచి చెయ్యి తీయలేదు. మెట్టెల్ గోడకి ఆనుకుని కూలబడి చంటిదానికి పాలు పట్టింది.

అందరూ రాయి నిలవాలని మొక్కుతున్నారు. తిల్‌మన్ కూడా చేతులు జోడించాడు. కొలిమిశాల వైపు చూస్తూ పెదవులు కదిపాడు. చూసినవాళ్లు పాపం ముసలాయన కూతురి కోసం మొక్కుతున్నాడనుకున్నారు. ఆయన మొక్కింది రాయి పగలాలని. దేవుడా, పగలగొట్టు. కొలిమి చల్లారిపోనీ, ఇళ్లు పస్తులుండనీ, నీస్‌ని గెంటితే గెంటనీ, నేనూ దాని వెనకే దేకుతూ పోతాను. పగిలిన చప్పుడు ఒక్కటి వినిపించు. నేను తీయకపోవడం న్యాయమే అని ఆ ఒక్క చప్పుడూ చెబుతుంది. ఒక తండ్రి అనుకోవలసిన మాట కాదని తిల్‌మన్‌కి తెలుసు. తెలిసే మొక్కాడు.

గొలుసు కిర్రుమంది. పై రాయి లేచింది.

 తరవాత నెల్లెస్ గొంతు, నమ్మలేనట్టుగా, "రాళ్లు లేచాయి" అంది. ఆ వెంటనే లోపలినుంచి కేకలు, ఈలలు. రేకుని పటకార్లతో పట్టుకుని నలుగురు గుమ్మంలోకి తెచ్చారు. పెచ్చు లేదు, బుడగ లేదు, అంచునుంచి అంచు దాకా ఒకటే పసుపు. రాళ్ల మీద వెంట్రుకంత గీతైనా లేదు. ఇందాక ఏడ్చినావిడే పరిగెత్తుకెళ్లి మెట్టెల్ పెద్దపిల్లని ఎత్తుకుని ముద్దులాడింది. ఎవరో బఠాణీ జావ కుండ దించుకొచ్చారు.

నీస్ ఏడుస్తూ నవ్వుతూ తండ్రి దగ్గరికి వచ్చి కుర్చీ ముందు కూలబడింది.

"నాన్నా! పగల్లేదు నాన్నా! రాయి పగల్లేదు!"

తిల్‌మన్ జోడించిన చేతులు ఇంకా విప్పలేదు. ఆ మొహం చూసి నీస్ నవ్వు ఆగింది. ఆయన ఏం కోరుకున్నాడో, రాయి నిలవడం ఆయన్ని ఏం చేసిందో ఆమెకి అప్పుడు అర్థమైంది. గబగబా ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఏదో ఒకటి చెప్పాలి, వెంటనే చెప్పాలి.

"బయటివాళ్లు చూస్తేనే కదా నాన్నా పగిలేది" అంది. "అక్క పరాయిదా ఏంటి? మన మనిషే. అందుకే పగల్లేదు. అంతే నాన్నా."

తిల్‌మన్ వాకిలికి అవతల మెట్టెల్ వైపు చూశాడు. ఆమె జావ తాగడం ఆపి ఆయన్నే చూస్తోంది. ఎన్నో ఏళ్ల తరవాత మొదటిసారి కళ్లెత్తి చూస్తోంది.

"మరి మీ అమ్మో?" అన్నాడు.